రోగి పేరు చెప్పండి

నాందేడ్,
6 జూలై 2025

అత్తమ్మా,

నువ్వు చెప్పినట్టే కాగితాలు కొనుక్కుని కూర్చున్నాను. ఫోన్ చెవికి పెట్టుకుంటే మాట రావడం లేదు, రాసి పంపు, చదువుకుంటా అన్నావు. నాకూ అంతే. ఈ రెండు నెలల్లో మనం ఫోన్లో మాట్లాడింది "తిన్నవా", "తిన్న", ఇంతే. బడి మొత్తం మరాఠీలో చదివినదాన్ని, నాకొచ్చిన తెలుగు రాత నీ దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపకు. చిన్నప్పుడు మీ ఇంట్లో ఉండి చదువుకున్నన్నాళ్లూ దిద్దించుకున్నది చాలు.

మామ పోయి ఇవాళ్టికి పది వారాలు. నాకు ఇంకా ఏడుపు రాలేదు. నాతో రూంలో ఉండే సోనాలి అది మంచిది కాదంటుంది. పొద్దున లేస్తాను, డబ్బా కట్టుకుంటాను, ఆఫీసుకు పోతాను. అన్నంలో ఉప్పుందో లేదో తెలియడం లేదు. తిని డబ్బా కడుగుతాను.

"నువ్వు నేర్సుకునేది ఏంది బిడ్డా, కంప్యూటర్ రిపేరా" అని మామ ఎన్నిసార్లు అడిగాడో. సరిగ్గా చెప్పనే లేదు. నీకు చెప్తాను విను. ఏదైనా మెషీన్ మీదో ఫోన్ మీదో స్క్రీన్ ఉంటుంది కదా, అందులో ముందు ఏం అడగాలి, ఏ మాటతో అడగాలి, బటన్ ఎక్కడ పెట్టాలి, ఇది మా పని. ముందు కాగితం మీద గీస్తాం. తయారయ్యాక దాన్ని నిజంగా వాడేవాళ్లను పిలిచి కూర్చోబెట్టి చూస్తాం. పక్కన కూర్చుంటాం కానీ నేర్పించకూడదు. వేలు ఎక్కడ ఆగిందో రాసుకోవాలి, ఎంతసేపు ఆగిందో లెక్కపెట్టాలి. వాళ్లు చేయలేకపోతే తప్పు వాళ్లది కాదు, మాది. మాకు నేర్పే శివరాజ్ సర్ ఈ మాట రోజూ హాజరు తీసుకున్నట్టు చెప్తాడు.

మీరు వెళ్లిన ట్రస్టు ఆసుపత్రి హాల్లో చీటీలిచ్చే మెషీన్ ఉంది కదా, అది మా ఆఫీసుదే. మార్చిలో పెట్టారు. ఏడు స్క్రీన్‌లు ఉండేదాన్ని నేను ఐదుకు తగ్గించాను. సర్ అందరి చేత చప్పట్లు కొట్టించాడు. ఇప్పుడు అది ఎట్లా పనిచేస్తోందో రిపోర్టు రాయడం నా వంతు. ఊళ్లనుంచి వచ్చే ఆడవాళ్లు వందలో తొంభై మంది ఎవరి సాయం లేకుండా చీటీ తీసుకుంటున్నారు. మామకు చెప్పి ఉంటే సంతోషపడేవాడు.

మామను చూపించడానికి మీరు నాందేడ్ వచ్చిన ఆ శుక్రవారం నేను ట్రైనింగుకని పుణేలో ఉన్నాను. ఉంటే వేరే ఆసుపత్రికైనా తీసుకుపోయేదాన్ని. అమ్మ ఇంకా తన అన్నను తలుచుకుని ఆ డాక్టరును తిడుతూనే ఉంది. ఆ రోజు వాడు డ్యూటీలో ఉంటే మామ ఉండేవాడని మన ఇంట్లో అందరి మాటా అదే. నాదీ అదే.

జాగ్రత్తగా ఉండు. మోకాలికి నూనె రాసుకో.

నీ ప్రతీక్ష


బిలోలి,
15 జూలై 2025

ప్రతీక్షా,

ఉత్తరం అందింది. దిద్దలేదు, కానీ 'సాయం' అని నువ్వు రాసిన చోట ముచ్చటేసింది. నా చేతిరాతే దిగింది నీకు.

ఇక్కడ వాన సరిగ్గా లేదు. సోయాబీన్ మొలిచింది మొలిచినట్టే నిలబడింది. పక్కింటి నిలేశ్‌కు చేను కౌలుకిచ్చాను. బర్రెను అమ్మేయమని అందరూ అంటున్నారు. పాలు పిండటానికైనా పొద్దున లేవాలి కదా అని ఉంచాను.

ఏడుపు నాకూ రావడం లేదు బిడ్డా. ఎదురింటి శివవ్వ రోజూ వచ్చి నా బదులు ఏడ్చిపోతుంది. చాయ్ పెట్టిస్తాను, తాగి ముక్కు తుడుచుకుని పోతుంది. ఆమె పోయాక గిన్నెలు తోముతాను. మీ మామ తువ్వాలు ఇంకా దండెం మీదే ఉంది. తీయాలనీ లేదు, ఉంచాలనీ లేదు.

డాక్టరును తిట్టొద్దని మీ అమ్మకు చెప్పు. ఎవరి పాపం ఎవరికి తగులుతుందో. ఆయనకూ పిల్లలుంటారు.

నీ చదువు అర్థమైంది. పది చదివినదాన్ని, మరీ తెలివి లేనిదాన్ని కాదు. అయితే చీటీ దొరకడమూ, రోగికి వైద్యం దొరకడమూ ఒకటి కాదు. అది కూడా నీ రిపోర్టులో రాసుకో. ఒక సంగతి అడుగుతాను. చీటీ తీసుకున్నవాళ్ల పేర్లు మీ దగ్గర ఉంటాయా, లేక లెక్క మాత్రమే ఉంటుందా?

వేళకు తిను. ఉప్పు తెలియకపోతే పచ్చడి వేసుకో.

అత్తమ్మ


నాందేడ్,
27 జూలై 2025

అత్తమ్మా,

నీ ఉత్తరం సోనాలికి చూపించాను. ఆమెకు తెలుగు చదవరాదు, అయినా ముత్యాల్లా ఉంది రాత అంది.

నువ్వు అడిగినదానికి జవాబు: పేర్లు కూడా ఉంటాయి. పేరు, వయసు, ఆడా మగా, తేదీ, వేళ, ఎన్ని సెకండ్లు పట్టింది, అన్నీ. మేం మామూలుగా లెక్కలే చూస్తాం. కావాలంటే పేర్లు తీసి చూడొచ్చు.

నువ్వు రాసిన మాట, చీటీ వేరు వైద్యం వేరు అన్నది, సర్‌కు చెప్పాను. ఆయన ఆసుపత్రి రిజిస్టరు తెప్పించి మా లెక్కతో సరిచూడమన్నాడు. వారం రోజులు అదే పని. ఒక వింత బయటపడింది. యాభై దాటిన ఊరి ఆడవాళ్లలో మూడోవంతు మంది చీటీ తీసుకున్నారు కానీ డాక్టరుకు చూపించుకోలేదు. నంబర్ పిలిస్తే తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చేస్తున్నారట. బస్సెక్కి, పొద్దుటినుంచి లైన్లో నిలబడి, చీటీ చేతిలో పెట్టుకుని వెనక్కి పోవడం ఏమిటి? మగ డాక్టరంటే సిగ్గేమో అంటాడు సర్. హాలు చల్లగా ఉంటుందని కూర్చోవడానికి వస్తారు అన్నాడు ఆసుపత్రి మేనేజరు. ఆ మాట నాకు నచ్చలేదు.

నీకు ఏమనిపిస్తుంది? ఒక ఆడమనిషి చీటీ తీసుకుని కూడా చూపించుకోకుండా ఎందుకు వెళ్లిపోతుంది? ఆలోచించి రాయి. నీకు మన ఆడవాళ్ల సంగతి నాకంటే బాగా తెలుసు.

నేను బాగానే ఉన్నాను. పచ్చడి కూడా తెలియడం లేదు.

ప్రతీక్ష


బిలోలి,
9 ఆగస్టు 2025

ప్రతీక్షా,

అడగదలచుకున్నది ఉంటే సూటిగా అడుగు. మీ మామ ఇంట్లో పెరిగినదానివి, తిప్పి తిప్పి అడగడం ఎక్కడ నేర్చుకున్నావో. చదువు నేర్పిందేమో.

నాకు ఏమీ అనిపించడం లేదు. వాన పడుతోంది.

దేవకి


నాందేడ్,
17 ఆగస్టు 2025

అత్తమ్మా,

'అత్తమ్మ' అని కాకుండా 'దేవకి' అని సంతకం చేశావు. అది చూసి చాలాసేపు మంచం మీద కూర్చున్నాను. బాధ కూడా కాదు, చెయ్యి తిమ్మిరెక్కితే గిచ్చినా తెలియదు చూడు, అట్లా.

నీ కోపం ఎందుకో నాకు తెలుసు. మూడో మాసికానికి వస్తానని చెప్పి రాలేదు. వచ్చి ఆ ఖాళీ మంచం చూడాలంటే నా కాళ్లు రాలేదు, సెలవు దొరకలేదని అబద్ధం చెప్పాను. తప్పు నాదే. తిట్టు, కానీ పేరు రాసి సంతకం చేయకు.

ఒక సంగతి అడుగుతున్నాను, కాదనకు. చీటీ వదిలి వెళ్లిపోయే ఆడవాళ్ల చిక్కు విప్పడానికి మళ్లీ పరీక్ష పెడుతున్నాం. ఊళ్లలో ఉండే యాభై దాటిన ఆడవాళ్లు ఐదుగురు కావాలి. ఐదుగురు చాలు, అసలు లోపం ఉంటే బయటపడుతుంది. మొదటిదానివి నువ్వే రా. అదే హాలు, అదే మెషీన్. మనసులో అనుకుంటున్నది పైకి చెప్తూ చీటీ తీయాలి, అంతే. కెమెరా చేతులను మాత్రమే తీస్తుంది. పక్కన నేనే కూర్చుంటాను. నీకు డాక్టరన్నా మెషీనన్నా భయం లేదు కదా, నీతో మొదలుపెడితే మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది. రెండు రోజులు నా దగ్గర ఉండి పోవచ్చు.

బస్టాండుకు నేనొస్తాను.

ప్రతీక్ష


బిలోలి,
30 ఆగస్టు 2025

ప్రతీక్షా,

మాసికానికి రాలేదని నాకేం కోపం లేదు. వచ్చినవాళ్లు మాత్రం ఏం చేశారు, తిని పోయారు.

పోలా పండుగ అయింది. ఎద్దులకు నిలేశ్ స్నానం చేయించి కొమ్ములకు రంగు వేశాడు. ప్రతి ఏడూ మీ మామ చేసే పని. ఎర్రరంగు బదులు నీలం వేశాడు. నేను హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. నీలమైనా ఎర్రదైనా ఒకటే అనిపించింది. వెనకింటి యమునాబాయి వచ్చి భుజం తట్టితే గానీ హారతి ఆరిపోయిందని తెలియలేదు.

ఆ హాలుకు నేను రాను. నువ్వు పక్కన కూర్చుని నా వేలు ఎక్కడ ఆగిందో రాసుకుంటావా? ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. పేర్లు తీసి చూడొచ్చు అని రాశావు, చూసే ఉంటావు. చూసి, తెలిసి, ఏమీ తెలియనట్టు 'ఎందుకు వెళ్లిపోతారు' అని నన్నే అడిగావు. ఇప్పుడు కెమెరా ముందు కూర్చోమంటున్నావు. నీకు నేను అన్నం తినిపించినదాన్ని. మీ అమ్మకు చెప్పేశావా? చెప్పి ఉంటే అది కూడా రాయి. ఆమె ఏమన్నా పడతాను.

అత్తమ్మ అని రాయమన్నావు. రాస్తున్నాను.

అత్తమ్మ


నాందేడ్,
14 సెప్టెంబర్ 2025

అత్తమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు ఏమంటున్నావో నాకు అర్థం కాలేదు. నేను ఎవరి పేర్లూ తీసి చూడలేదు, అమ్మకు ఏమీ చెప్పలేదు, చెప్పడానికి నాకేం తెలుసు? జవాబు ఆలస్యమైంది, పరీక్ష అయ్యాక రాద్దామని ఆగాను. ఇది చదివాక నువ్వే చెప్పు.

ఇంతకుముందు పరీక్షల్లో మేం "మీకు జ్వరం వచ్చింది, చీటీ తీసుకోండి" అని పని ఇచ్చేవాళ్లం. అందరూ తీసేవాళ్లు. ఈసారి నాకు ఎందుకో తోచి మార్చాను. "మీ ఇంటాయనకు బాగాలేదు, ఆయన బయట మెట్ల మీద కూర్చున్నాడు, ఆయనకు చీటీ తీయండి" అన్నాను.

మొదట ముత్తవ్వ అని బిలోలి దగ్గర్నుంచి వచ్చిన ఆమె కూర్చుంది. ఆకుపచ్చ బటన్ నొక్కింది. మెషీన్ మరాఠీలో "రోగి పేరు చెప్పండి" అంది. ముత్తవ్వ చెప్పలేదు. మెషీన్ మళ్లీ అడిగింది. ఆమె నన్ను చూసింది, నేను సాయం చేయకూడదు. రెండు నిమిషాలు లెక్కపెట్టాను. కొంగు వేలికి చుట్టుకుని, విప్పుకుని, చివరికి గట్టిగా "ముత్తవ్వ" అంది. ఆడా మగా అని అడిగితే ఆడ బొమ్మ నొక్కింది. చీటీ వచ్చింది. "అయిపోయింది బిడ్డా" అని నా చేతిలో పెట్టింది.

రెండోది సుందరాబాయి, హిమాయత్‌నగర్ నుంచి. పసుపుకుంకుమలప్పుడు ఇక్కడి మరాఠీ ఆడవాళ్లు మొగుడి పేరును పాటలాంటి రెండు చరణాల్లో కలిపి చెప్తారు కదా, ఉఖాణా అంటారు, ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని మెషీన్‌కు అది చెప్పింది. మెషీన్ ఆ రెండు చరణాలనూ పేరనుకుని మొత్తం చీటీ మీద అచ్చు వేసింది. మూరెడు చీటీ వచ్చింది. అందరూ నవ్వారు, సుందరాబాయి కూడా. నేను నవ్వినట్టు సోనాలి చెప్పింది, నాకు గుర్తులేదు. మూడో ఆమె వాచ్‌మన్‌ను పిలిచి అతని చెవిలో చెప్పబోయి, అదీ కుదరక ఊరుకుంది. మిగతా ఇద్దరూ ముత్తవ్వ చేసినట్టే చేశారు.

తర్వాత ముత్తవ్వను అడిగాను, ఆయన పేరు ఎందుకు చెప్పలేదని. "మొగని పేరు నేనెట్ల అంట? నా పేరైతే నా ఇష్టం. ముందుగాల చీటీ చేతికొస్తే, లోపట డాక్టర్‌కు చెప్త గదా, గీయనకని" అంది.

చీటీ వదిలి వెళ్లిపోతున్న ఆడవాళ్లు వాళ్లే అత్తమ్మా. వాళ్లకు రోగం లేదు. రోగులు బయట మెట్ల మీద ఉన్నారు. మా లెక్కలో మాత్రం చీటీ వచ్చింది కాబట్టి పని జరిగింది.

ఇప్పుడు మారుస్తున్నాం. మొదటి ప్రశ్న 'చీటీ ఎవరికి, మీకా, ఇంకొకరికా' అని. తర్వాత రోగి ఆధార్ కార్డు అద్దం మీద పెడితే చాలు, పేరు మెషీనే చదువుకుంటుంది. నోటితో చెప్పే పని లేదు. 'ఎవరికి' అన్న ప్రశ్న మొదట్లో ఉండేది. తర్వాత ఎవరో తీసేశారు.

ఇదంతా రాస్తుంటే నువ్వు గుర్తొచ్చావు. మామను నువ్వు ఏమని పిలిచేదానివని ఆలోచించాను. "ఇగో" అనేదానివి, "వింటున్నరా" అనేదానివి. నీ ఆగస్టు ఉత్తరాలు మళ్లీ తీసి చదివాను. తర్వాత ఏం రాయాలో తెలియడం లేదు, ఆపేస్తున్నాను.

ప్రతీక్ష


బిలోలి,
23 సెప్టెంబర్ 2025

ప్రతీక్షా,

నీకు తెలియదన్నావు. నమ్ముతున్నాను. అనవసరంగా నిన్ను అన్నాను. ఇక దాచి ఏం చేసుకుంటాను, రాస్తున్నాను.

డాక్టరు ఆ రోజు ఉన్నాడు. లేడని చెప్పింది నేను.

పొద్దున ఏడింటి బస్సుకు పోయాం. మీ మామకు ముందురోజు రాత్రినుంచి ఎడమ రెక్క గుంజుతోంది, ఊపిరి అందడం లేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాడు, "నువ్వు చీటీ తియ్యి, నేనొస్త" అన్నాడు. ఇదివరకు అక్కడ గాజుకిటికీ వెనక గోవింద్ అనే గుమాస్తా ఉండేవాడు. కార్డు చూపిస్తే రాసుకునేవాడు, నోరు తెరిచే పనే లేదు. ఈసారి కిటికీ మూసి ఉంది, మెషీన్ ఉంది. ఆయన కార్డు నా చేతిలోనే ఉంది. చూపించడానికి దానికి కళ్లు లేవు.

పేరు చెప్పమంది. నా వెనక ముప్పై మంది ఉన్నారు. ముప్పై నాలుగేళ్లలో నేను ఆయన పేరు నోటితో అనలేదు. పేరు తీస్తే మొగుడి ఆయుష్షు తరుగుతుందని మా అమ్మ చెప్పేది. నేను బోధన్‌లో బడికి పోయినదాన్ని, అది ఉత్త మాట అని తెలుసు. కానీ ఆయన బయట ఊపిరి అందక కూర్చున్న రోజున, ఆ ఒక్క రోజున, దాన్ని ఉత్త మాట అనుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. వెనక ఎవరో దగ్గారు. "దేవకి" అన్నాను. ఆడ బొమ్మ నొక్కాను. అరవై మూడో నంబర్ వచ్చింది.

ఆ చీటీ చూసి ఆయన నవ్వాడు. "నీకేం రోగమే" అన్నాడు. ఆడవాళ్ల వైపు బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నాం. ఆయన చెమటలు తుడుచుకుంటూనే ఉన్నాడు. అరవై మూడు పిలిచారు, ఇద్దరం లేచాం. ఇది ఆడమనిషి చీటీ, ఈయనకు వేరే తీసుకోండి అంది నర్సు. మెషీన్ దగ్గరకు పోతే అప్పటికి ఆపేశారు, వేళ అయిపోయిందట. బతిమాలదామని నేను తలుపు వైపు తిరిగాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "సోమవారం మళ్ల అద్దాం తియ్యి, ఇప్పుడు జర నయమే ఉన్నది" అన్నాడు. బస్సులో కిటికీ పక్కన నిద్రపోయాడు. ఆదివారం తెల్లవారి పాలచెంబు తీసుకుని కొట్టం వైపు పోయినవాడు అక్కడే పడిపోయాడు.

ఇంట్లో అడిగారు, శుక్రవారం చూపించారు కదా ఏమన్నాడు డాక్టరు అని. లేడన్నాను. ఒక్క మాట. ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవడానికి సందు దొరకలేదు. మీ అమ్మ ఆ డాక్టరును తిట్టినప్పుడల్లా నన్నే తిడుతోందని వింటున్నాను.

నా నోరు పెగలక ఆయన పోయాడు. నీ పరీక్షలో ఇది ఏ గడిలోకి వస్తుందో నువ్వే రాసుకో.

దేవకి అనే రాయాలి. కానీ నువ్వు బాధపడతావు.

అత్తమ్మ


నాందేడ్,
5 అక్టోబర్ 2025

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివి ఆఫీసుకు పోయి పేర్లు తీశాను. మామ పేరుతో, నాగనాథ్ అని వెతికితే ఏప్రిల్ ఇరవై ఐదున ఎవరూ లేరు. దేవకి ఉంది. యాభై నాలుగేళ్లు, స్త్రీ, పదిన్నర దాటి పన్నెండు నిమిషాలు. పట్టిన సమయం నలభై ఒక్క సెకండ్లు. పక్కన ఆకుపచ్చ టిక్కు ఉంది. పని విజయవంతం అని దాని అర్థం. వందలో తొంభై అని నీకు గొప్పగా రాశానే, ఆ తొంభైలో నువ్వు ఒకదానివి.

ఇంకొకటి చెప్పాలి. 'చీటీ ఎవరికి' అన్న ప్రశ్న ఎవరో తీసేశారు అని రాశాను. ఎవరో కాదు, నేను. ఏడు స్క్రీన్‌లను ఐదు చేసినప్పుడు తీసిన రెండింటిలో అది ఒకటి. లైన్లో నిలబడినవాడే రోగి, ఇంకో ప్రశ్న దండగ అన్నాను. కార్డు చూపించే పద్ధతి రెండోది, మాటతో చెప్పడమే తేలిక అని అదీ తీయించాను. మన ఇళ్లలో ఎవరు ఎవరికోసం లైన్లో నిలబడతారో నాకు తెలియదా? నా చిన్నప్పటి చీటీలన్నీ నువ్వే తీశావు. ఆ నిమిషంలో నాకు అది గుర్తు రాలేదు. చప్పట్లు కొట్టారు. నేను పెన్ను మూత పెట్టి డబ్బా తినడానికి పోయాను.

నీ నోరు పెగలక కాదు అత్తమ్మా. నువ్వు కార్డు చేతిలో పట్టుకుని వచ్చావు. దాన్ని తీసుకునేది లేకుండా చేసింది నేను. తప్పు నీది కాదు, ఇది పాఠంలో మాటగా చెప్పడం లేదు. నాది.

శివరాజ్ సర్‌కు చెప్పాను. పరీక్ష సరిగ్గా పెట్టని తప్పు తనదీ అన్నాడు. ఆ మాటతో నాకేమీ తేలిక కాలేదు. కొత్త మెషీన్ దీపావళి తర్వాత సోమవారం పెడుతున్నారు. మొదటి వారం నన్ను హాల్లో ఉండమన్నారు. నావల్ల కాదన్నాను, సోనాలిని పంపుతున్నారు.

అమ్మకు చెప్పలేదు. చెప్పమంటే చెప్తాను, ముందు నా సంగతే చెప్తాను. దీపావళికి ఇంటికి రావడానికి ముఖం చెల్లడం లేదు. ఇక్కడే ఉంటాను.

ప్రతీక్ష


బిలోలి,
2 నవంబర్ 2025

బిడ్డా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. జవాబు రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. నీ తప్పు కాదని రాద్దామనుకుంటే చెయ్యి రాలేదు. ఆ ప్రశ్న తీసేసిన చెయ్యి నీదని తెలిసిన రోజు నిన్ను మనసులో చాలా అన్నాను. అబద్ధమెందుకు. రెండు రోజులు అన్నాను, మూడో రోజు అలసిపోయాను. నాది తప్పు కాదని నువ్వు రాశావు. అదీ నమ్మబుద్ధి కావడం లేదు. నీది కొంత, నాది కొంత, బతిమాలనివ్వకుండా చెయ్యి పట్టుకున్న ఆ మనిషిది కొంత. ఎవరిది ఎంతో తేల్చడానికి నాకు ఓపిక లేదు.

మొన్న శుక్రవారం నాందేడ్ వచ్చాను. నీకు చెప్పలేదు. అదే ఏడింటి బస్సు. ఆసుపత్రికి పోయి లైన్లో నిలబడ్డాను. ఎందుకు పోయానని అడగకు, చీర కట్టుకునేదాకా నాకే తెలియదు.

కొత్త మెషీన్ చూశాను. ఎవరికి అని అడిగింది. రెండు బొమ్మలున్నాయి, రెండోది నొక్కాను. ఆయన కార్డు నా సంచిలోనే ఉంది, ఇంకా తీయలేదు. అద్దం మీద పెట్టాను. మగ అని, అరవై ఒకటి అని అదే రాసుకుంది. చీటీ వచ్చింది. ఎంతసేపు పట్టిందని నువ్వు రాసుకుంటావు కదా, నా వెనక ఆమె ముక్కు చీదుకునేలోపు అయిపోయింది. అంత తేలిక. నా ముందు ఒక ముసలామె కూడా ఇట్లాగే తీసుకుని మొగుడిని లేపుకుని లోపలికి పోయింది. ఆమెను చూసి నాకు సంతోషం కలగలేదు, ఈర్ష్య కలిగింది. తర్వాత ఆ ఈర్ష్య కూడా పోయింది.

మగవాళ్ల వైపు బెంచీ చివర కూర్చున్నాను. ఇప్పుడు నంబరుతో పిలవడం లేదు, పేరుతో పిలుస్తున్నారు. గంట తర్వాత మైకులో ఆయన పేరు పిలిచారు. ఇంటిపేరుతో సహా, హాలంతా వినపడేట్టు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచారు. మూడోసారి పిలిచినప్పుడు లేచి నిలబడ్డాను.

నర్సు వచ్చి చీటీ చూసింది. "పేషెంట్ ఏడున్నడు మావ్శీ?" అని అడిగింది.

"సచ్చిపోయిండు" అన్నాను. "ఏప్రిల్ల సచ్చిపోయిండు."

ఆ మాట నేను ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు ప్రతీక్షా. ఊళ్లోవాళ్లే ఒకరికొకరు చెప్పుకున్నారు, మీ అమ్మకు నిలేశ్ ఫోన్ చేశాడు, నీకు మీ అమ్మ చెప్పింది. నేను నా నోటితో అనడం అదే మొదలు. నర్సు నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. చీటీ మీద గీత కొట్టి తర్వాతి పేరు పిలిచింది. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను.

వచ్చే ఆదివారం మీ అమ్మను తీసుకుని రా. డాక్టరు ఉన్నాడన్న సంగతి ఆమెకు నేనే చెప్పాలి, అది నా అబద్ధం. నీ సంగతి నువ్వు చెప్పుకో. ఆమెకు ఉన్నది ఒక్క అన్న. విన్నాక మన ఇద్దరి ముఖం చూస్తుందో లేదో తెలియదు. అయినా రా.

మీ అత్తమ్మ